స్థానిక పన్నులు, పనిముట్లు, ఇంటి సామాను: ఉద్యోగులు తెలిసికొనవలసిన విషయములు

(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మనము నడిపే రైళ్ళ చక్రముల క్రింద నున్న పట్టాలలో అధిక భాగము ఈ ఊరి కర్మాగారములో తయారైనదే. 1955లో సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ గారిచే మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభింపబడినది మొదలు ఈ నేలపై లక్షలాది టన్నుల ఉక్కు ప్రవహించినది. రాయపూరు, విజయనగరముల నడుమ 1931లో పూర్తియైన రైలుమార్గము వెంట ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. అట్టి ఊరిలో ఉద్యోగులు తరచు అడిగే నాలుగు ప్రశ్నలను ఈనాడు చర్చకు తీసికొనుచున్నాను.

ఒకటి: మన ఇంటిలోని సామానుపై నగరపాలక సంస్థ పన్ను వేయగలదా? రెండు: వీధి చివర వెల్డింగు మిషను, కుట్టుమిషను పెట్టుకొని బ్రతికేవాని పనిముట్లపై వేయగలదా? మూడు: ఇంత గొప్ప కర్మాగారములోని యంత్రములపై పన్ను వేసినచో బస్తీలకు నీళ్ళు, మురుగుకాలువలు రావా? నాలుగు: రైల్వే, తపాలా కట్టడములు ఊరికి ఏమి చెల్లించుచున్నవి?

సమాధానము ముందే సంగ్రహముగా చెప్పెదను. మన దేశములో పురపాలక సంస్థ వేసే ఆస్తిపన్ను నేలపైన, కట్టడముపైన. యంత్రముపైన కాదు, ఇంటి సామానుపైన కాదు. ఈ నియమము శ్రమజీవికి రక్షణ, దీనిని కాపాడుకొనవలెను. అయితే ఈ రక్షణ నిలువవలెనన్నచో నేల, కట్టడములు గల ప్రతి పెద్ద యజమాని, అది కేంద్ర ప్రభుత్వమే యైనను, తన వంతు ఊరికి చెల్లింపవలెను. ఈ రెండు విషయములు విడదీయరానివి.

మగ్గముపై పన్ను

పనిముట్లపై పన్ను మన తెలుగువారికి క్రొత్త కాదు. తూర్పు ఇండియా కంపెనీ పాలనలో మద్రాసు రాజధానిలో 'మొహతర్ఫా' అను పన్ను ఉండెడిది. నేతగాని మగ్గముపై, గానుగపై, వడ్రంగి, కమ్మరి పనిముట్లపై, చిన్న దుకాణముపై ఈ పన్ను విధింపబడెడిది. పొలము లేనివానికి భూమిశిస్తు లేదు గనుక వాని చేతిలోని సాధనమునుండి రాబట్టుటయే దీని ఉద్దేశ్యము. మగ్గము ఆడినను ఆడకున్నను, బట్ట అమ్ముడుపోయినను పోకున్నను పన్ను మాత్రము తప్పదు. ఆదాయమును బట్టి కాక సాధనమును బట్టి వేసిన పన్నులో ఉండే అన్యాయమంతయు ఇందులో కానవచ్చును.

తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసుసెట్టి గారు నాయకత్వము వహించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజరులో ఈ పన్ను ప్రస్తావన ప్రముఖముగా ఉన్నది. అతి చౌకయైన పనిముట్టును సైతము, దారిప్రక్కన కూర్చుండి అమ్ముకొనువానిని సైతము ఈ పన్ను వదలదని వారు ఫిర్యాదు చేసిరి. 1860ల తొలినాళ్ళలో ఈ పన్ను రద్దయినది. మన ప్రాంతమున సంఘటితముగా సాగిన తొలి రాజకీయ విజ్ఞాపనలలో ఒకటి పనిముట్లపై పన్నుకు వ్యతిరేకముగా జరిగినదని మనము జ్ఞాపకముంచుకొనదగును.

ఆ అనుభవపు ఛాయ తరువాతి చట్టములలో కానవచ్చును. 1920 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టము ఇంటిపన్నుకై కట్టడము విలువ కట్టునపుడు యంత్రములను, సామానును ఆ లెక్కనుండి మినహాయింపవలెనని స్పష్టముగా చెప్పినది. అట్లే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము అప్పులవాని అవసరమైన దుస్తులు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు జప్తు చేయుటకు వీలులేదు. పనిముట్టు లాగుకొన్నచో బాకీ తీర్చే శక్తియే నశించునని చట్టమునకును తెలియును.

రాజ్యాంగము గీచిన గీత

స్వతంత్ర భారతమున పన్ను వేయు అధికారము రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో పంచబడినది. నగరపాలక సంస్థకు స్వతఃసిద్ధమైన అధికారము లేదు. రాష్ట్ర శాసనసభ తనకున్న అధికారములో కొంత చట్టము ద్వారా దానికి ఇచ్చును. రాష్ట్ర జాబితాలోని 49వ అంశము భూములు, కట్టడములపై పన్నును అనుమతించుచున్నది. 57వ అంశము వాహనములపై, 58వ అంశము పశువులు, పడవలపై పన్నులకు సంబంధించినది. 60వ అంశము వృత్తిపన్నుకు చెందినది. ఆస్తుల మూలధన విలువపై పన్ను వేయు అధికారము 86వ అంశముగా కేంద్ర జాబితాలో ఉన్నది. ఈ పట్టికలో ఎక్కడను 'యంత్రములపై ఏటేటా స్థానిక పన్ను' గాని, 'గృహోపకరణములపై స్థానిక పన్ను' గాని కానరాదు.

ఈ గీత ఎంత గట్టిదో 1967లో తేలినది. అహమ్మదాబాదు నగరపాలక సంస్థ నూలుమిల్లుల కట్టడములకు విలువ కట్టునపుడు వాటిలోని యంత్రములను కూడ లెక్కలోనికి తీసికొనజూచినది. న్యూ మానెక్ చౌక్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది. 49వ అంశము భూములు, కట్టడములపై పన్నునే అనుమతించును; కట్టడములో ఉన్న యంత్రము ఆ కట్టడపు వినియోగమునకే అమర్చబడినదైనను, దానిపై పన్ను వేయు అధికారము ఆ అంశము క్రింద రాదు అని తీర్పు చెప్పినది. మిల్లు యజమానులు తెచ్చుకొన్న తీర్పే అయినను దాని నీడలో వీధిలోని దర్జీ, వెల్డరు, పిండిమర నడిపేవాడు కూడ నిలిచియున్నారు.

అయితే సామాన్యుని వస్తువులు పూర్తిగా తప్పించుకొన్నవని చెప్పజాలము. సైకిళ్ళపై, బండ్లపై, పశువులపై అనేక పురపాలక సంఘములు పన్ను వసూలు చేసినవి. సైకిలుకు బిళ్ళ లేనిచో వీధిలో ఆపి జరిమానా వేసిన రోజులు పెద్దవారికి గుర్తుండును. అతి తక్కువ రాబడికి అతి ఎక్కువ చికాకు కలిగించిన పన్ను అది.

చుంగీ నాకా

యంత్రము ఊరిలో నిలిచియున్నంత కాలము దానిపై పన్ను లేదు. కాని అది ఊరిలో ప్రవేశించునపుడు? అచ్చటనే చుంగీ, అనగా ఆక్ట్రాయి, అడ్డు నిలిచెడిది. స్థానిక ప్రాంతములో వినియోగమునకై, అమ్మకమునకై ప్రవేశించు సరకుపై పన్ను వేయుటకు 52వ అంశము వీలు కల్పించినది. ఊరి పొలిమేరలలో, రైల్వే గూడ్సు షెడ్ల వద్ద నాకాలు వెలసినవి. లారీలు వరుసగా నిలిచిపోవుట, మూట విప్పించుట, విలువపై తగవులాడుట నిత్యకృత్యములు. పెద్ద వ్యాపారికి నాకాలో మాట సాయము ఉండెడిది. బదిలీపై పెట్టెబేడలతో దిగిన చిరుద్యోగికి ఉండెడిది కాదు. ఇది వాడిన సామాను, అమ్మకమునకు కాదు అని ఒప్పించుకొను భారము వానిదే.

భిలాయి అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండెడిది. ఆ రాష్ట్రములో 1976లో చుంగీని తొలగించి, దాని స్థానమున ప్రవేశపన్ను చట్టమును తెచ్చిరి. నాకా వద్ద మూట విప్పించుటకు బదులు వ్యాపారి లెక్కల పుస్తకముల ఆధారముగా రాష్ట్ర ప్రభుత్వము పన్ను వసూలు చేయునట్లు ఏర్పాటయినది. స్థానిక సంస్థలకు నష్టపరిహారముగా గ్రాంటు లభించినది. సామాన్యునికి ఇది మేలు. కాని ఒక మార్పును గమనించవలెను. అంతవరకు ఊరు తానై వసూలు చేసికొన్న ధనమునకు అటుపిమ్మట రాజధాని వైపు చేయి చాపవలసివచ్చినది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిదపను ప్రవేశపన్ను కొనసాగినది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చుటతో అది ముగిసినది. 101వ రాజ్యాంగ సవరణ 52వ అంశమునే తొలగించినది. చివరి వరకు చుంగీని నిలుపుకొన్న ముంబయి మహానగరములో కూడ అదే దినమున నాకాలు మూతపడినవి. ఇక నగరపాలక సంస్థ చేతిలో మిగిలిన ప్రధాన ఆయుధము ఆస్తిపన్ను ఒక్కటే.

యంత్రమా, కట్టడమా?

ఆస్తిపన్ను నేల, కట్టడములపైననే అన్నపుడు ఉక్కునగరములో ఒక చిక్కుప్రశ్న లేచుచున్నది. బ్లాస్ట్ ఫర్నేసు యంత్రమా, కట్టడమా? కోక్ ఓవెన్ల వరుస, పొగగొట్టము, నీటితొట్టి ఏ కోవకు చెందును? 1991లో బొంబాయి నగరపాలక సంస్థకు, ఇండియన్ ఆయిల్ కార్పొరేషనుకు నడుమ జరిగిన కేసులో పెట్రోలియము నిలువ చేయు పెద్ద తొట్లు ఆస్తిపన్నుకు లోబడునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేలకు మేకులు కొట్టి బిగింపకున్నను, తమ బరువుతోనే స్థిరముగా నిలిచియుండు కట్టడములని భావించినది. కనుక పేరును బట్టి గాక, అది నిలిచియుండు తీరును బట్టి, చేయు పనిని బట్టి నిర్ణయము జరుగును. ఒక్కొక్క దానికి లెక్క మారినపుడు పన్ను మొత్తము ఎంతో మారును. సంస్థ తానే లెక్క వ్రాసి సమర్పించు పద్ధతిలో ఆ లెక్కను సరిచూచు సామర్థ్యము నగరపాలక సంస్థకు ఉండవలెను.

అమెరికాలో పద్ధతి వేరు. అచ్చటి అనేక రాష్ట్రములలో ప్రతి వ్యాపార సంస్థ తన యంత్రములు, బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు ఏ సంవత్సరములో ఎంతకు కొన్నదో పట్టిక వ్రాసి స్థానిక అధికారులకు ఇచ్చి, ఏటేటా పన్ను చెల్లింపవలెను. ఇండియానా రాష్ట్రములో 1906లో యు.ఎస్. స్టీల్ కంపెనీ నెలకొల్పిన గేరీ నగరములో ఊరి రాబడి ఆ ఒక్క కర్మాగారముపై ఎంతగానో ఆధారపడినది. కొలిమి చల్లబడినపుడు ఊరి ఖజానాయు చల్లబడినది. ఒహాయో రాష్ట్రము 2005లో చట్టము చేసి ఇట్టి పన్నును క్రమముగా తొలగించినది. ఇంటిలో వాడుకొను సామానును మాత్రము అచ్చట కూడ అత్యధిక రాష్ట్రములు వదలివేసినవి. యంత్రములపై పన్ను వేసినంతనే ఊరు బాగుపడునను ఆశకు ఈ అనుభవము తగిన హెచ్చరిక.

కంపెనీ వేరు, కేంద్ర ప్రభుత్వము వేరు

ఇక మన శాఖలకు దగ్గరి విషయము. రాజ్యాంగపు 285వ అధికరణము ప్రకారము కేంద్ర ప్రభుత్వ ఆస్తిపై రాష్ట్రము గాని, రాష్ట్రములోని ఏ స్థానిక సంస్థ గాని పన్ను వేయరాదు. పార్లమెంటు చట్టము చేసి ఒప్పుకొన్నచో వేరు. రాజ్యాంగమునకు ముందే పన్ను పడుచుండిన ఆస్తులకు కొంత ప్రత్యేక ఏర్పాటు కలదు. రైల్వేల విషయములో 1890 నాటి చట్టములోను, దాని స్థానమున వచ్చిన 1989 చట్టపు 184వ సెక్షనులోను ఇదే భావము ఉన్నది: కేంద్ర ప్రభుత్వము ప్రకటన చేసిననే తప్ప రైల్వే స్థానిక పన్ను చెల్లింపనక్కరలేదు.

ప్రభుత్వ రంగ కంపెనీలకు ఈ కవచము ఉన్నదా? ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్న కోర్బా నుండి ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్ళినది. అచ్చటి ప్రత్యేక ప్రాంతాభివృద్ధి ప్రాధికార సంస్థ విధించిన ఆస్తిపన్నును వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, భారత్ అల్యూమినియం కంపెనీలు ఎదిరించినవి. వాటాలన్నియు కేంద్ర ప్రభుత్వమువే గనుక ఆస్తి కూడ కేంద్రమునదే అని వాదించినవి. 1982 లా రిపోర్టులలో వెలువడిన ఆ తీర్పులో కోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. వాటాదారు వేరు, కంపెనీ వేరు. ఆస్తి కంపెనీ పేర ఉన్నపుడు పన్ను చెల్లింపవలసినదే అన్నది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ విషయములో భూమిపన్నును గురించి 1999లో వచ్చిన తీర్పు కూడ ఇదే మార్గమున నడచినది.

స్టీల్ అథారిటీలో భాగమైన భిలాయి కర్మాగారమునకు కూడ ఇదే సూత్రము వర్తించును. ఇచ్చట నగరపాలక సంస్థ 1998లో ఏర్పడినది. సెక్టార్లలో రోడ్లు, నీరు, దీపములు మేమే చూచుకొనుచున్నాము గదా, పన్ను ఎందులకు అని ఉక్కునగరముల యాజమాన్యములు అడుగుట కలదు. ఇందులో కొంత నిజమున్నది. 74వ సవరణ కూడ దీనిని గుర్తించి, పరిశ్రమయే సేవలన్నియు సమకూర్చు ప్రాంతమును పారిశ్రామిక పట్టణముగా ప్రకటించుటకు 243-క్యూ అధికరణములో అవకాశమిచ్చినది. కాని కర్మాగారము నడచుటకు సెక్టార్లలోని ఉద్యోగులు మాత్రమే చాలరు. కాంట్రాక్టు కార్మికుడు, లారీ డ్రైవరు, ఇళ్ళలో పనిచేయు స్త్రీ, కూరగాయలమ్మువారు క్యాంపులలో, సుపేలా వంటి చోట్ల, బస్తీలలో నివసించుచున్నారు. వారి వీధికి కంపెనీ దీపము వెలుగదు. ఆ వీధికి ధనము ఎచ్చటి నుండి రావలెను? ఆస్తిపన్ను వెనుక నున్న అసలు ప్రశ్న ఇదే.

కంపెనీగా మారినపుడు పన్నుస్థితియు మారునను సత్యమును మన సంఘములు గ్రహింపవలెను. తపాలా, టెలికం శాఖలు 1985లో వేరయినవి. టెలికం సేవలు 2000 అక్టోబరు 1న భారత సంచార నిగమ్ అను కంపెనీకి చేరినవి. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలుగా మారినవి. ఒకే ఆవరణలోని రెండు కట్టడములలో ఒకటి శాఖదై 285వ అధికరణపు నీడలో ఉండవచ్చును. మరియొకటి కంపెనీదై పన్నుకు లోబడవచ్చును. ఆస్తి ఎవరి పేర ఉన్నదనునదే కీలకము. కార్పొరేషనుగా మార్చు ప్రతిపాదన వచ్చినపుడల్లా క్వార్టర్ల నేల ఎవరి పేర వ్రాయుదురు, ఆ పన్ను భారము ఎవరు మోయుదురు అను ప్రశ్నను చర్చల పట్టికలో చేర్పించుట అవసరము.

మన కాలనీలు, సేవా రుసుము

పన్ను లేదన్నంత మాత్రమున రైల్వే, తపాలా శాఖలు ఊరికి ఋణపడి లేవని కాదు. మన పిల్లలు అదే రోడ్డుపై బడికి పోవుచున్నారు. మన చెత్త అదే బండిలో పోవుచున్నది. ఇందులకే కేంద్ర ప్రభుత్వము 1954 నుండియు, తరువాత 1967లోను ఇచ్చిన ఆదేశములలో పన్నుకు బదులు 'సేవా రుసుము' చెల్లింపు పద్ధతిని ఏర్పరచినది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఎదుట ఈ లెక్క స్పష్టపడినది. ప్రైవేటు ఆస్తికి పడు పన్నులో, సేవలన్నియు వాడుకొన్నచో 75 శాతము, కొన్నింటిని వాడుకొన్నచో 50 శాతము, ఏమియు వాడుకొననిచో మూడింట ఒక వంతు చెల్లింపవలెను.

లెక్కకు ఒక ఉదాహరణ చెప్పెదను. ఒక రైల్వే కాలనీ ప్రైవేటుదైనచో సాలుకు 9 లక్షల రూపాయల పన్ను పడునని అనుకొందము. సేవలన్నియు పొందుచున్నచో శాఖ చెల్లింపవలసినది 6 లక్షల 75 వేలు. కొన్ని మాత్రమే పొందినచో 4 లక్షల 50 వేలు. ఏమియు పొందనిచో 3 లక్షలు. ఈ ధనము శాఖది. క్వార్టరులో నివసించు ఉద్యోగి జీతమునుండి రావలసినది కాదు. కాని ఏ సేవలు నిజముగా లభించుచున్నవో చెప్పగలిగినవాడు ఆ క్వార్టరులో నివసించు ఉద్యోగియే. భిలాయి-చరోదాలోని మార్షలింగ్ యార్డు కాలనీ వంటి చోట్ల మురుగుకాలువ రైల్వేదా, నగరపాలక సంస్థదా అను తగవు వచ్చినపుడు ఈ ఒప్పందపు కాగితమే తీర్పరి.

మన కర్తవ్యము

సోదరులారా! ఇంతవరకు చెప్పినదానినుండి మనకు నాలుగు పనులు ఏర్పడుచున్నవి.

మొదటిది, ప్రతి శాఖాసంఘము తన కాలనీకి సేవా రుసుము ఒప్పందము ఉన్నదా, ఏ శాతమున ఉన్నది, బకాయిలు ఎంత అని వ్రాతపూర్వకముగా అడుగవలెను. సమాచార హక్కు చట్టము వచ్చిన 2005 తరువాత ఇది కష్టసాధ్యము కాదు.

రెండవది, సొంత ఇల్లు కట్టుకొన్నవారు, పదవీవిరమణ చేసినవారు ఆస్తిపన్ను నోటీసు రాగానే భయపడక, అందులో లెక్కింపబడినది నేల, కట్టడములేనా, కొలతలు సరియైనవేనా అని చూడవలెను. గడువులోపల అభ్యంతరము దాఖలు చేయవలెను. పన్ను ఎగవేయుటకు సలహా చెప్పుట నా ఉద్దేశ్యము కాదు. న్యాయమైన పన్నును మాత్రమే చెల్లించుట మన హక్కు.

మూడవది, ఊరి ఖజానా ఖాళీ అని చెప్పి దారిప్రక్క కుట్టుమిషనుపై, తోపుడుబండిపై క్రొత్త రుసుములు వేయుటకు ప్రయత్నము జరిగినచో మనము ఆ పేదవాని ప్రక్కన నిలువవలెను. మొహతర్ఫా వేరొక పేరుతో తిరిగి రాకుండ చూచు బాధ్యత సంఘటిత కార్మికులది.

నాలుగవది, పెద్ద కట్టడముల యజమానులు, ప్రభుత్వ రంగమైనను ప్రైవేటు రంగమైనను, లెక్క తక్కువ చూపకుండ నగరపాలక సంస్థ పరిశీలించునట్లు పౌరులుగా ఒత్తిడి తేవలెను. పెద్దలు చెల్లింపని ప్రతి రూపాయి చిన్నవారి నీటిపన్నుగా, చెత్తరుసుముగా తిరిగి వచ్చును.

ఆస్తిపన్ను నేలనుండి రావలెను, చేతిలోని పనిముట్టునుండి కాదు. మగ్గముపై పన్ను తొలగించుటకు మన పూర్వులు సముద్రము దాటి మహజరు పంపిరి. మనము పంపవలసినది మన శాఖా కార్యాలయమునకు, మన నగరపాలక సంస్థకు మాత్రమే. ఆ పని ఈ తరగతి ముగిసిన వెంటనే ఆరంభింపవలెనని కోరుచున్నాను.